మాల వేసుకున్న మూడో రోజు

తాగుడు వల్ల మనిషికి ప్రమాదం ఎప్పుడు అని మీలాంటి నర్సింగ్ పిల్లల్ని అడిగితే, తాగినప్పుడు అని టక్కున చెబుతారు. మీ వయసులో నేనూ అలాగే చెప్పేదాన్ని. మానేసిన మూడో రోజున కూడా అని నాకు నేర్పినవాడు పాఠాలు చెప్పే పెద్దమనిషి కాదు. ఉద్దానంలో కాస్త జీడితోటా, కొన్ని కొబ్బరిచెట్లూ ఉన్న ఒక రైతు. ఆయన పేరు చెప్పను. ఆసుపత్రి ఏ ఊళ్ళోదో కూడా చెప్పను. నా సర్వీసంతా పలాస, టెక్కలి, కోటబొమ్మాళి చుట్టూనే తిరిగింది, ఆ మధ్యలో ఎక్కడో అనుకోండి చాలు. ఇన్నేళ్ళ తర్వాత ఎవరి పరువో బజారున పెట్టడం నాకు ఇష్టం లేదు.

తొంభైల చివర, కార్తీకమాసం. మద్యనిషేధం ఎత్తేసి ఎంతో కాలం కాలేదు. నిషేధం ఉన్నప్పుడు మాత్రం ఏం ఆగింది లెండి! బోర్డరు దాటి వచ్చేది వచ్చేది, జీడిపళ్ళతో తోటల్లో కాచేది కాచేవారు. మా ఆసుపత్రికి అప్పుడు కృష్ణా జిల్లా వైపు నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. తొందర మనిషి, కానీ మంచివాడు. మా యాస అర్థం కాక మొదటి ఆరు నెలలూ నన్ను పక్కన నిలబెట్టుకుని ఓపీ చూశాడు. లాబ్ టెక్నీషియన్ ఒకాయన ఉండేవాడు. నోరు తెరిస్తే విసుగే, మైక్రోస్కోపు ముందు కూర్చుంటే మాత్రం పిడుగు పడ్డా కదిలేవాడు కాదు. నేను మగవాళ్ళ వార్డు సిస్టర్ని. నా నోరు ఎలాంటిదో మీకు తెలుసు కదా, అప్పుడూ ఇంతే.

ఒకరోజు పొద్దున్నే ఒక జీపు వచ్చి ఆగింది. దాంట్లోంచి నల్లబట్టల స్వాములు ఒకరి తర్వాత ఒకరు దిగుతూనే ఉన్నారు. అందరి చివర ఇద్దరు మోసుకుని ఒకాయన్ని దింపారు. అరవై దాటిన మనిషి. మెడలో మాల, నుదుటిమీద విభూతి, ఒళ్ళంతా చెమట. చేతులు ఆగకుండా వణుకుతున్నాయి. వెనకాల ఆయన భార్య, చెంగు నోట్లో కుక్కుకుని వస్తోంది.

గురుస్వామి వాళ్ళ ఊరి బడిపంతులే. ఆయన డాక్టరుకి చేతులు జోడించి వివరంగా చెప్పాడు. ఈ స్వామి మూడు రోజుల కిందటే మాల వేసుకున్నాడు. నిన్న పీఠం దగ్గర భజనలో కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. రాత్రి నుంచి ఎదురుగా ఎవరో నిలబడినట్టే మాట్లాడుతున్నాడు.

"స్వామి ఒంటిమీదకి వచ్చారని మా అందరి నమ్మకం అండి. అయితే ఒళ్ళు కాలిపోతోంది. జ్వరానికి ఒక ఇంజెక్షన్ చేస్తే తీసుకుపోతాం" అన్నాడు.

డాక్టరు కళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు, మెడ వంచి చూశాడు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న అడిగాడు. "ఈయన తాగుతాడా?"

అబ్బే, వార్డంతా గగ్గోలెత్తింది. "రామ రామ! స్వామి మాలలో ఉన్నారండి!" అన్నాడు గురుస్వామి చెవులు మూసుకుని. మిగతా స్వాములు శరణుఘోష మొదలుపెట్టారు. మా డాక్టరు ముఖం ఎర్రబడిపోయింది, పరాయి ఊళ్ళో అపచారం చేసేశానేమో అని. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, గమనించండి. మాల వేసుకున్న క్షణం నుంచి మనిషి పాత మనిషి కాడు. అతనికి పేరు ఉండదు, కులం ఉండదు, పెళ్ళాం కూడా సామీ అనే పిలవాలి. నిన్నటిదాకా అతను ఏం తాగాడో, ఎక్కడ పడ్డాడో ఎత్తకూడదు. ఎత్తితే పాపం. అది మంచి ఆచారమే, నేను తప్పు పట్టను. ఎంతోమంది ఆ మండలం రోజులూ ఇంట్లో వాళ్ళకి కాస్త ఊపిరి ఆడనిస్తారు.

అయినా నా అనుమానం నాది. భార్యని పక్కకి తీసుకెళ్ళి అడిగాను. "నిజం చెప్పు. మాల వెయ్యకముందు అలవాటుందా?"

ఆవిడ నా చెప్పుల వైపు చూసింది. "నేదమ్మా" అంది.

ఆ రోజుల్లో కొండ వైపు నుంచి మెదడుకెక్కిన మలేరియా కేసులు తెగ వచ్చేవి. జ్వరం, ఫిట్లు, పలవరింత. మూడూ ఉన్నాయి కాబట్టి డాక్టరు అదే అనుకున్నాడు. లాబ్ ఆయన రక్తం రెండుసార్లు చూసి, "పురుగు లేదు మహాప్రభో. కావాలంటే మీరొచ్చి వెతుక్కోండి" అని పంపాడు. ఒక్కోసారి రక్తంలో కనబడదు, ఆలస్యం చేస్తే మనిషి పోతాడు అని మేము గ్లూకోజు సీసాలో క్వినైన్ కలిపి ఎక్కించాం. అప్పటి పద్ధతి అదే.

మధ్యాహ్నానికి ఆయన దుప్పటి మీద నుంచి వేళ్ళతో ఏదో ఏరడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటీ జాగ్రత్తగా గిల్లి, పైకెత్తి, పక్కన పెడుతున్నాడు. నిజానికి ఆయనకి కనబడుతున్నవి చీమలు. తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం వచ్చిన స్వాములు, "పూలు ఏరుతున్నారు స్వామికి" అని మంచం చుట్టూ సాష్టాంగపడ్డారు. అబద్ధమెందుకు, నేను కూడా ట్రే కింద పెట్టి ఒక దణ్ణం పెట్టుకున్నాను. మా వార్డులో దేవుడు దిగడం అదే మొదటిసారి మరి!

మర్నాటికి పరిస్థితి దిగజారింది. మంచానికి కట్టాల్సి వచ్చింది. కళ్ళు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. భార్యని చూసి, "ఎవులమ్మా నువ్వు?" అన్నాడు. అంతవరకూ ఆ మంచం పక్కన ఆవిడ ఏడవలేదు. ఏడవకపోవడమే కాదు, ముఖంలో ఏదో ఒక వెలుగు కూడా ఉండేది. ఆ మాటకి మాత్రం గోడకి ఆనుకుని కూలబడిపోయింది.

అదే పూట పలాస నుంచి ఆవిడ తమ్ముడు వచ్చాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. చలికాలం పొద్దున్నే చెమటలు కక్కుతూ వచ్చి బావని చూశాడు, చొక్కా లోపలి నుంచి ఒక క్వార్టరు సీసా తీసి అక్కతో అన్నాడు.

"అప్పా, నా మాటిను. ఇది దేవుడూ కాదు, దెయ్యమూ కాదు. మందు ఆగిపోనాది, అంతే. ఓ సుక్క నోట్లో పోత్తే బావ లెగిసి కూకుంతాడు."

"నోరు ముయ్యిరా! సామి మాలలో ఉన్నాడు. నీ కళ్ళు పేలిపోతాయి!"

"మాల కోసం మడిసి సచ్చిపోవాలేటే?"

"సత్తే సావనీ!" అని అరిచింది ఆవిడ. అరిచి, తన మాట తనకే వినబడినట్టుంది, రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "మూడు రోజులురా. పాతికేళ్ళలో మూడే మూడు రోజులు నాను తలుపు గొళ్ళెం ఎయ్యకుండా పడుకున్నాను. అది కూడా లాగీసుకుంతావేటిరా నువ్వు?"

ఆ సీసా తమ్ముడి చేతిలోంచి లాక్కుని, వార్డు మూల చేతులు కడుక్కునే బేసిన్‌లో గడగడా వంపేసింది. వాసన గుప్పుమంది. అందరూ బిగుసుకుపోయి చూస్తున్నారు. పక్క మంచం మీది కాలు విరిగిన ఆసామి మాత్రం ఆ బేసిన్ వైపు చాలా బాధగా చూశాడు.

గుమ్మంలో డాక్టరు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.  నేరుగా తమ్ముణ్ణి అడిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నా సిన్నతనం నుంచి సూత్తన్నానండి."

"రోజూనా?"

"రోజూనండి. పొద్దున్న లెగిసి మొకం కడుక్కోకముందే కావాలండి. నేకపోతే సెయ్యి వణుకుతాది. కానండి, ఈ మజ్జన తగ్గించీసినాడు బాబూ. ముసిలోడయినాడు కదా, సగమే తాగుతాడు."

"సగానికే పడిపోయేవాడా?"

తమ్ముడు తెల్లబోయాడు. "మీకెలగ తెలిసిందండి? ఎనకటికంటే బేగి పడిపోతన్నాడు."

డాక్టరు నుదురు కొట్టుకున్నాడు. "సిస్టర్, ఆ గ్లూకోజు ఆపండి. ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్. అది వెళ్ళాకే మిగతావి" అన్నాడు. ఆ వెంటనే మత్తు ఇంజెక్షన్ తనే చేశాడు, ముసలి ఒంటికి తగ్గట్టు తక్కువ మోతాదులో. సాయంత్రానికి ఆ వేళ్ళు దుప్పటి మీద ఏరడం మానేశాయి. ఆయన నిద్రపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నిన్న అడిగితే లేదన్నావు. నిన్ననే చెప్పుంటే నీ సొమ్మేం పోయింది?" అని భార్య మీద ఎగిరాను.

"సెప్తే మందు మానీడం వల్లే ఇలగయినాదని, మీరే మళ్ళీ పోయించీత్తారని బయమేసింది సిస్టరమ్మా" అంది. "ఆయన తాగుడు మానితే ఏటా సామీలకి బోజనం పెట్టుకుంతానని మొక్కుకున్నాను. నా మొక్కు తీరింది. అది ఎల్లిపోతాదని బయం."

 ఆ మాట అలాగే తీసుకెళ్ళి డాక్టరుకి చెప్పాను.

ఆ సాయంత్రం డాక్టరు వాళ్ళిద్దర్నీ వరండాలో కూర్చోబెట్టాడు. మొదట పుస్తకంలో ఉన్న మాటలే మొదలుపెట్టి, వాళ్ళ ముఖాలు చూసి ఆపేశాడు. రోడ్డు మీద ఒకతను కావిడితో కొబ్బరిబొండాలు మోసుకుపోతున్నాడు. అతన్ని చూపించాడు.

"మెదడులో రెండు రకాల రసాయనాలుంటాయమ్మా. ఒకటి మనిషిని చల్లబరిచేది, ఇంకొకటి హుషారు చేసేది. ఆ కావిడికి రెండు వైపులా ఉన్న బరువుల్లాగా సమానంగా ఉంటాయి. రోజూ మందు పోస్తే చల్లబరిచే వైపు బరువెక్కుతుంది. మెదడు ఊరుకోదు. పడిపోకుండా ఉండటానికి హుషారు వైపు కూడా బరువు పెంచుకుంటూ పోతుంది. పాతికేళ్ళు పెంచింది. ఇప్పుడు మీవాడు మందు వైపు బరువు ఒక్కసారి దించేశాడు. కావిడి ఏమవుతుంది?"

"రెండో పక్కకి తిరగబడిపోతాది" అన్నాడు తమ్ముడు.

"అదే. వణుకు, ఫిట్లు, లేనివి కనబడటం, అన్నీ అదే. ముప్పై ఏళ్ళవాడైతే నాలుగు రోజుల్లో సర్దుకుంటాడు. వయసు పైబడ్డాక మెదడు కొంత కుంచించుకుపోతుంది, అందులో తయారయ్యే సరుకు కూడా తగ్గుతుంది. తాగుడు ఆ ముసలితనాన్ని ముందే తెచ్చిపెడుతుంది. ఒంట్లో నీరు తగ్గుతుంది కాబట్టి సగం తాగినా పూర్తి తాగినంత పని చేస్తుంది. తగ్గించాడని మీరు సంతోషపడ్డారు. మెదడుకి తగ్గలేదు."

ఆవిడ అడిగింది. "అయితే మళ్ళీ తాగించాలా బాబూ?"

ఇన్నేళ్ళు వార్డుల్లో తిరిగిన నాకు, ఆ ప్రశ్నలో ఉన్న భయం ఇంకెక్కడా వినబడలేదు. మొగుడు బతకాలంటే మొక్కు వదులుకోవాలా అని అడుగుతోంది.

"అక్కర్లేదు. ఇప్పుడు మేం చేసే ఇంజెక్షన్ కూడా తాగుడు పని చేసే చోటే పని చేస్తుంది. రోజు రోజుకీ తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తాం. కావిడి మెల్లగా దించుతాం. మానెయ్యడం మంచిదేనమ్మా. మానేసే పద్ధతే తప్పు. ముందు మా దగ్గరికి రావాల్సింది" అన్నాడు.

ఆవిడ డాక్టరు కాళ్ళ మీద పడబోతే ఆపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

గురుస్వామి మర్నాడు వచ్చాడు. విషయమంతా విన్నాడు. మాల తీయించాలా ఉంచాలా అని నేనే అడిగాను. "ఉంచండి. ఇకమీద మాల వేసేటప్పుడు నేను ఒక మాట అడుగుతాను. అడగడం అపచారం అనుకున్నాను. అడగకపోవడమే అయ్యింది" అన్నాడు. అన్నట్టే చేశాడు కూడా. తర్వాతి కార్తీకమాసం నుంచి ఆ ఊరి నుంచి ఒకరిద్దరు తాగుబోతులు మాలకి ముందే మా ఓపీకి వచ్చేవారు, "మమ్మల్ని మెల్లగా దింపండమ్మా" అంటూ. మా డాక్టరు కూడా ప్రశ్న మార్చేశాడు. తాగుతారా అని అడగడం మానేసి, ఆఖరిసారి ఎప్పుడు తాగారు అని అడిగేవాడు. మీరు కూడా అలాగే అడగండి. ఎంత పెద్దమనిషైనా, మెడలో ఏమున్నా.

స్వామి బతికాడు. వారానికి లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు, భార్యని గుర్తుపట్టాడు. మేమంతా సంబరపడ్డాం. కానీ పొద్దున్న ఇడ్లీ తిన్న సంగతి పది గంటలకి ఆయనకి గుర్తులేదు. నన్ను రోజూ కొత్తగా పలకరించేవాడు. పక్క మంచం ఆసామికి తాను కొండెక్కి వచ్చిన కథ చెప్పేవాడు. పంబలో స్నానం చేశాడట, నీళ్ళు చల్లగా ఉన్నాయట, మెట్ల దగ్గర గుంపులో కండువా పోయిందట. ఆ మనిషి ఈ మంచం దిగలేదు!

"అబద్ధాలు చెబుతున్నాడేంటి డాక్టరుగారూ?" అన్నాను.

"అబద్ధం కాదు సిస్టర్. జ్ఞాపకం ఉండాల్సిన చోట ఖాళీ ఉంటే మెదడు ఏదో ఒకటి అల్లి నింపేస్తుంది. ఆయన నిజమనే నమ్ముతున్నాడు." కేస్‌షీటు మూస్తూ అన్నాడు. "తాగేవాళ్ళ ఒంట్లో బి1 ఎప్పుడూ తక్కువే. ఉన్న కొంచెం కూడా మనం ఎక్కించిన గ్లూకోజుని అరిగించుకోవడానికి ఖర్చయిపోయింది. ఒక్క రోజు ముందు తెలిసి ఉంటే..."  ఆ పూట లాబ్ ఆయన కూడా డాక్టర్ని వేళాకోళం చెయ్యలేదు. టీ తెచ్చి ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

కొన్నేళ్ళు గడిచాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఊరూరా రక్తపరీక్షల క్యాంపులు పెట్టడం మొదలైంది. ఒక క్యాంపులో బడి వరండాలో నేను రక్తం తీస్తుంటే, వరసలో ఆయనా ఆవిడా వచ్చారు. ఒళ్ళు చేశాడు, శుభ్రంగా తల దువ్వుకున్నాడు, చెయ్యి వణకడం లేదు. నన్ను చూసి నవ్వి, "కొండ కింద గంజి పోసినోరు మీరే కదమ్మా" అన్నాడు. అవునన్నాను. కాదని ఏం సాధిస్తాం?

రక్తం తీసి దూది పెట్టాను. ఆయన భార్య వైపు తిరిగి వింతగా చూశాడు. "ఏటే, ఇంత బేగి తల నెరిసిపోనాదేటే నీకు?"

"ఎండకి" అందావిడ.

తర్వాత నాతో అంది. "రోజూ అడుగుతాడు సిస్టరమ్మా. మజ్జన ఏళ్ళన్నీ తుడిసిపెట్టుకుపోనాయి. పెళ్ళయిన కొత్తలోనే ఉన్నాడాయన. తాగిన సంగతి కూడా తెలీదు. కల్లుకుండ కనబడినా మొకం తిప్పేసుకుంతాడు." నా పక్కన చతికిలబడి, గొంతు తగ్గించి అడిగింది. "ఒక్క మాట నిజం సెప్పండి. మొదటిరోజే నాను సెప్పీసుంటే, ఈయనకి ఈ మరుపు రాకపోనా?"

ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని నాకు తెలుసు. కాదు, అయినా వచ్చేదే అని చెప్పడం సులువు. ఆవిడ ముఖం చూసి చెప్పలేకపోయాను.

"రాకపోయేదేమో. కానీ ఆ గ్లూకోజు ఎక్కించింది మేము. ఆ బరువు నువ్వొక్కదానివే మొయ్యకు" అన్నాను.

తల ఊపింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"దేవుడు మాట తప్పనేదు లెండి. మానీయాలని మొక్కినాను, మానీసినాడు" అంది. "నాకొక్కటే లోటు. పాతికేళ్ళు ఆయన సేసినవన్నీ ఒక్కటొక్కటీ దాసుకున్నాను సిస్టరమ్మా. కొట్టినవి, నలుగురిలో తిట్టినవి, బిడ్డ పురిటికొచ్చిన రోజు తోటలో పడిపోయి దొరకనివి. మానీసి మడిసయిన రోజున ఎదురుగా కూకోబెట్టి అన్నీ అడగాల, కడుపారా తిట్టాల అనుకున్నాను. ఇప్పుడు తిడితే బెదిరిపోయి సూత్తాడు. 'నానెప్పుడు సేసినానే?' అంతాడు. నిజమే కదా, ఈ మడిసి నన్నేటీ సెయ్యనేదు. ఎవుల్ని తిట్టను?"

 నా నోరు నాదే కదా. "పోనీ నన్ను తిట్టు. మా ఉద్యోగంలో అలవాటే" అన్నాను.

ఆవిడ నవ్వింది. నిజంగానే తిట్టబోతున్నట్టు నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంది.

"వద్దులెండి. ఆ తిట్లు ఆయనవి. ఇంకోలకి పెట్టనేను" అని లేచి, ఆయన మోచేతి మీద దూదిని బొటనవేలితో అదిమి పట్టుకుని వరండా మెట్లు దిగించింది.